ప్రమాణం చేయనన్న అయివారు

రాజకీయాల మీద నా అభిప్రాయమేమిటని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. అభిప్రాయాలు లేక కాదు, ఉన్నవాటికి ఒకదానితో ఒకటి పొత్తు కుదరక. భౌతికశాస్త్రం చదివి, అదే పాఠం చెప్పి, ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. రుజువు లేని మాటను నమ్మకూడదన్న ఒక్క నియమంతో బతికానని చాలాకాలం అనుకున్నాను. ఆ నియమాన్ని నేను ఒకసారి తప్పాను. తప్పానో, నిలబెట్టానో కూడా నాకు స్పష్టంగా తెలియదు. రాస్తే తేలుతుందేమోనన్న ఆశతో రాస్తున్నాను.

ఆ రోజుల్లో నా కాపురం ప్రొద్దుటూరులో, ఉద్యోగం జమ్మలమడుగులో, పుట్టిన ఊరు పులివెందుల పక్కన. ఈ మూడింటి మధ్య తిరిగే బస్సుల్లో పక్కన కూర్చున్న మనిషి అడిగే మొదటి ప్రశ్న "మీదే ఊరు?" అని, రెండోది "అయితే ఎవురి మనుషులు మీరు?" అని. నేను ఎవరి మనిషినీ కానని ఒకసారి చెప్పాను. అడిగినాయన నన్ను ఎగాదిగా చూసి, "అట్ల చెప్పుకోవల్సి వచ్చిందంటే శానా కష్టంలో ఉండారు సార్" అని తన సంచిలోని వేరుశనక్కాయలు పిడికెడు నా చేతిలో పోశాడు.

మా ఊళ్లో పార్టీ అంటే సిద్ధాంతం కాదు. ఒక పెద్దాయన ఒక జెండా పట్టుకుంటే, ఆయనంటే పడనివాళ్లు రెండో జెండా పట్టుకుంటారు. నా కళ్లముందే రెండు వర్గాలూ జెండాలు మార్చుకున్నాయి. గోడల మీద రంగులు మారాయి, కక్షలు మాత్రం యథాతథంగా ఉన్నాయి. కోస్తా నుంచి మా బడి తనిఖీకి వచ్చిన ఒక అధికారి భోజనాల దగ్గర "మీ వైపు జనానికి ఆవేశం ఎక్కువండీ" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మాటకే సాక్ష్యమవుతుందని గుర్తొచ్చి, మజ్జిగతోపాటు దిగమింగాను.

నా అభిప్రాయం వేరు. మా వైపు లోపం ఆవేశంలో లేదు, కబురును తూచే పద్ధతిలో ఉంది. ఒక మాట నిజమా అని ఎవరూ అడగరు, ఎవరు చెప్పారని అడుగుతారు. "మనోడు చెప్పినాడు" అంటే విచారణ ముగిసినట్టే. "నేను కండ్లారా చూసినా" అన్నవాణ్ణి నాలుగు ప్రశ్నలు వేస్తే, చూసింది అతడి బావమరిది అని, ఆ బావమరిదికి చెప్పింది మరొకడని తేలేది. అయినా అతడు అబద్ధమాడుతున్నాననుకోడు. తన వర్గం కళ్లు తన కళ్లేననుకుంటాడు. ఈ అలవాటును నేను తరగతిలోనూ బయటా ఎగతాళి చేసేవాణ్ణి.

మా బడిలో లెక్కలు చెప్పే అయివారు ఒకాయన ఉండేవాడు. బడిపంతులును మా వైపు అయివారంటారు. మా ఊళ్లో పంతుళ్లు మరికొందరున్నా, ఆ పేరు ఆయనకే నిలిచిపోయింది. ఆయనదీ మా ఊరే, నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన ముత్తాతల కాలంలో మిషను దొరలు వచ్చినప్పుడు ఆ కుటుంబం క్రైస్తవం పుచ్చుకుంది. నేను అదే ఊరి గుడి అర్చకుని కొడుకును, పూజలు మానేసి చాలాకాలమైనవాణ్ణి. ఆయన ఒక్క ఆదివారం కూడా ప్రార్థన తప్పించేవాడు కాదు. దేవుడి విషయంలో తప్ప మా ఇద్దరికీ అన్నింటా కుదిరేది. వారమంతా జమ్మలమడుగులో అద్దె గదిలో ఉండి, శనివారం ఒంటిపూట బడి అయ్యాక ముద్దనూరు మీదుగా పులివెందుల, అక్కడినుంచి ఊరు చేరేవాడు. ఊళ్లో ఆయన భార్య చూసుకునే చిన్న చీనీతోట, అంటే బత్తాయితోట ఉంది. దాని పక్కది పెద్దాయన తోట. పెద్దాయన అంటే ఊళ్లో ఒక వర్గానికి నాయకుడు. ఆయన మాట దాటి ఆ వీధుల్లో పందిరి కూడా లేచేది కాదు.

ఒక శనివారం పెద్దాయన ఇంటిల్లిపాదీ పెండ్లికి ప్రొద్దుటూరు వెళ్లారు. ఆదివారం పొద్దున తిరిగొచ్చేసరికి తోట నేలమీద ఉంది. కాపుకొచ్చిన చెట్లను మొదలుకంటా నరికేశారు. మా వైపు పగ తీర్చుకునే పద్ధతుల్లో ఇదొకటి. మనిషి జోలికి పోరు, అతడు ఏళ్ల తరబడి బోరునీళ్లు పెట్టి పెంచినదాన్ని పడగొడతారు. సోమవారానికి ఈ కబురు జమ్మలమడుగు చేరింది. బడి ముందరి టీ అంగడిలో నరికినవి ఐదువందల చెట్లన్నారు, బస్టాండులో ఎనిమిదివందలన్నారు. నేను సెలవు పెట్టి వెళ్లి మొదళ్లు లెక్కపెట్టాను. నూటపద్నాలుగు. ఆ అంకె బయటికి చెప్పినందుకు నేను రెండో వర్గానికి అమ్ముడుపోయానని ఒకాయన కండ్లారా చూసినట్టు చెప్పాడట.

నరికింది రెండో వర్గమని ఊరందరికీ తెలుసు. తెలియనిదల్లా, ఇల్లు ఖాళీగా ఉందని వాళ్లకు చేరవేసింది ఎవరన్నదే. అంతకుముందు ఆదివారమే పెద్దాయన, తాము పెండ్లికి పోతున్నామని, తన తోట మోటరు కూడా వేయమని అయివారికీ ఆయన భార్యకూ చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు కనుక కబురు ఆ ఇంటినుంచే పోయిందన్నారు. పెండ్లి కార్డు ఊళ్లో సగం గుమ్మాలకు చేరిందని నేను గుర్తుచేశాను. ఎవరూ వినలేదు.

పెద్దాయన అయివారిని పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్లాను. ఆయన కేకలు వేయలేదు. అరుగు మీద చాప వేయించి, అయివారిని కూర్చోమని, నెమ్మదిగా అన్నాడు. "కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమని నిన్ను అడగను అయివారా. మా గుడికి రావద్దు. నీ బైబిలు మీదనే చెయ్యి పెట్టు. వాళ్లకు నేను చెప్పలేదు, అను. లేచి ఇంటికి పో. మళ్లీ నిన్ను ఎవురన్నా ఒక మాటంటే నన్నడుగు."

అయివారు తల అడ్డంగా ఊపాడు. "ఒట్టు పెట్టేది మా విశ్వాసంలో లేదు మామా. నీకు కీడు కోరలే. ఆ మాట ఎన్నిసార్లయినా చెప్తా. ప్రమాణం మాత్రం చెయ్యను."

"కీడు కోరినావని నేనన్నానా? చెప్పినావా లేదా అని గదా అడుగుతాండా."

"ప్రమాణం చెయ్యను మామా."

పక్కనున్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మా ఊళ్లో ప్రమాణం చేయనన్నవాడు ఒప్పుకున్నవాడి కింద లెక్క. పెద్దాయన నావైపు తిరిగాడు. "సామీ, నువ్వు సదువుకున్నోడివి. వచ్చే ఆదివారం దాకా టయిముండాది, చెప్పి చూడు. నేనుండేంతవరకు ఆపుతా. నేను లేని పొద్దున మా పిల్లోళ్లు ఆయప్ప తోట మీద పడితే నాకు తెలీదు. తోటతో ఆగుతారో లేదో కూడా తెలీదు."

నాకు తెలిసిన దారి ఒక్కటే, లెక్క తీయడం. హాజరుపట్టీలో శనివారం మధ్యాహ్నం ఆయన సంతకముంది. ముద్దనూరు బస్సు ఎన్నింటికి బయలుదేరిందో డిపోలో అడిగాను. ఊరి బస్సు కండక్టరు ఆయన ఎక్కినట్టు ఒప్పుకున్నాడు. అన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే పులివెందుల బస్టాండులో ముప్పావుగంట ఖాళీ మిగిలింది. ఉపాధ్యాయుల గదిలో ఎవరూ లేనప్పుడు ఆ కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఈ ముప్పావుగంట యాడుండారు సార్?"

ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. "నువ్వు అడగతావని తెలుసప్పా. ఆడ పాత స్టూడెంటొకడు కలిసినాడు. వాళ్లది ఆవలోళ్ల పార్టీ, అది నాకూ ఎరుకే. వాడు నన్నారి షర్బత్తు తాపిచ్చినాడు. ఏం సార్, ఇంత తొందరేంది అన్నాడు. పక్కతోటోళ్లు పెండ్లికి పోయినారు, వాళ్ల మోటరు కూడా మేమే ఏయల్ల అన్నా. అంతే."

నేను కాగితం మడిచాను. ఆయనే మళ్లీ అన్నాడు. "వాడు పోయి చెప్పినాడో లేదో నాకు తెలీదు. వాళ్లకు ముందే తెలుసునేమో, అదీ తెలీదు. నేనైతే నోరు జారినా."

"ఇది రుజువు కాదు సార్. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని కాదు."

"నువ్వు పాఠం చెప్తాండావు. నాకు చెట్లు కనపడతాండాయి."

"అయితే ప్రమాణం చేయనన్నది మీ విశ్వాసం వల్లనా, ఈ సంగతి వల్లనా?"

"అదే నాకూ తెలీడం లేదప్పా," అన్నాడు. "మొదట విశ్వాసం వల్లనే అన్నా. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పటికి దాని ఎనక దాక్కున్నానేమో అనిపించింది."

ఆ వారమంతా ఆయన్ను ప్రమాణం చేయమని బతిమాలాను. ప్రమాణానికి సాక్ష్యంగా ఏ విలువా లేదని ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణి నేనే. "నీకు విలువలేని దాన్ని నన్నెందుకు చెయ్యమంటావు?" అన్నాడాయన. వాళ్లకు విలువ ఉంది కనుక అన్నాను. "అంటే వాళ్లను మోసం చెయ్యమంటాండావు," అని సుద్దముక్క తీసుకుని తరగతికి వెళ్లిపోయాడు. అది ఎనిమిదో తరగతి. పక్క గదిలో నేను తొమ్మిదికి చెప్పవలసిన పాఠం ప్రమాణాలు. మీటరు, కిలోగ్రాము, సెకను. కొలిచేందుకు అందరూ ఒప్పుకున్న కొలతను ప్రమాణమంటారని నల్లబల్ల మీద రాస్తూ ఆగిపోయాను. పిల్లలు నేను పాఠం మరిచానేమోనని ఎదురుచూశారు.

ఇంటికి వెళ్లినప్పుడు మా నాన్నతో ఈ మాట అన్నాను. గుడి పూజతోపాటు ఆయన చిన్నప్పుడు కొంత తర్కం చదివాడు. "నీ సైన్సు ఏం చెప్తుందో నాకు తెలీదు గానీ, శాస్త్రంలో ప్రమాణమంటే తెలుసుకునే దారి. కంటితో చూసేది ఒకటి, అనుమానం ఇంకొకటి," అన్నాడు. పొగ చూసి నిప్పును ఊహించడాన్ని శాస్త్రం అనుమానమంటుందని నాకూ తెలుసు. మా ఊళ్లో ఆ మాటకు వేరే అర్థముంది, ఆ అర్థంలోనూ అది ప్రమాణంగానే చెల్లుతోంది. నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం అయివారు ప్రార్థనకు వెళ్లాడు, నేను నా కాగితం పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. సంతకం, బస్సులు, వేళలు అన్నీ వివరించాను. బస్టాండులో ముప్పావుగంట బస్సు కోసం ఆగాడని మాత్రం అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూసి తిరిగిచ్చాడు. "ఇదంతా నీ మాటే గదా సామీ. ఆయప్ప చెయ్యనంటాండాడు. పోనీ, నువ్వు చెయ్యి."

"నేనా?"

"నువ్వు లెక్క తీసినావంట గదా. తేలిందని చెప్తాండావు. గుడి సామి కొడుకు కర్పూరం ఆర్పితే నా వాళ్లలో ఒక్కడు నోరు తెరవడు."

"నాకు దేవుడి మీద నమ్మకం లేదని మీకు తెలుసు."

పక్కన బీడీ కాలుస్తున్న ఒకాయన అందుకున్నాడు. "అయితే ఇంగా మేలు గదా సామీ! నమ్మకముండేటోడికి బయం. నీకేమయితాది?"

అందరూ నవ్వారు, పెద్దాయన తప్ప. నేను లేచి గుడికి నడిచాను, వాళ్లంతా నా వెనకే. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ చిన్న తోట కళ్లముందు కదిలిందా, నవ్వులకు రోషం వచ్చిందా, లేక ప్రమాణం ఉత్తదేనని నాకు నేను రుజువు చేసుకోవాలనిపించిందా? మూడు కారణాలూ అప్పుడున్నాయి. ఏది ఎంత బరువో తూచే సాధనం నా దగ్గర లేదు.

నాన్న పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. దారిలోనే మాటలు పేర్చుకున్నాను. "అయివారు తెలిసి, కీడు తలపెట్టి, ఎదుటివాళ్లకు దారి చూపలేదని నా పరిశీలనలో తేలినంతవరకు..."

"ఆగు సామీ," అన్నాడు పెద్దాయన. "అంత పొడుగు మాట పూర్తయ్యేలోపల కర్పూరం అయిపోతాది. చెప్పినాడా? చెప్పలేదా?"

నాన్న నావైపు చూశాడు. ఆయనకు ఏమీ తెలియదు. మంట మీద అరచెయ్యి మూస్తే గాలి అందక ఆరిపోతుందని, చెయ్యి కాలేంత సమయం ఉండదని నాకు తెలుసు.

"చెప్పలేదు," అని చెయ్యి వేశాను.

అంతే. అది అయిపోయింది. పెద్దాయన నాన్న చేత తీర్థం తీసుకుని, "ఇంగ ఆ ఇంటి మీద ఎవురి మాటా లేదు" అని అందరికీ వినబడేలా చెప్పి వెళ్లాడు. అయివారి తోటకు వచ్చిన ముప్పు ఒక్క మాటతో తొలగిపోయింది. నాకు సంతోషం వేయవలసింది. అరచేతికి అంటిన మసి గుడి బయటి కొళాయి కింద ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. కర్పూరపు మసి జిగురుగా ఉంటుంది, దానికి కారణం రసాయనశాస్త్రంలో ఉంది. అది నాకు తెలుసు.

సాయంత్రం అయివారు మా ఇంటికి వచ్చాడు. ధన్యవాదాలు చెబుతాడనుకున్నాను. "నా బదులు నువ్వు అబద్ధమాడినావంట," అన్నాడు గుమ్మంలో నిలబడే.

"మీకోసమే సార్."

"నాకోసమని తెలుసు. నేను చెప్పలేనిది నువ్వు చెప్తే అది నాది కాకుండా పోతాదా? పా, పెద్దాయన దగ్గరికి పోదాం."

ఆపడానికి చేయగలిగినదంతా చేశాను. మీకు భార్య ఉంది, తోట ఉంది అన్నాను. నా ప్రమాణం అబద్ధమని తేలితే గుడిలో మా నాన్న ముఖం ఎక్కడ పెట్టుకుంటాడని కూడా అన్నాను. ఆ చివరి మాటకు ఆయన ఒక్క క్షణం ఆగాడు, ఆ తర్వాత నడిచాడు. వెనకే నేనూ.

పెద్దాయన అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. అయివారు నిలబడే అంతా చెప్పాడు. పాత విద్యార్థి, నన్నారి, మోటరు సంగతి, ఏదీ దాచలేదు. "వాడు పోయి చెప్పినాడో లేదో నాకు తెలీదు మామా. నా నోట్లోంచి పోయిన మాట మాత్రం ఇది. నువ్వేం చేసినా సరే."

పెద్దాయన నావైపు చూడకుండానే అన్నాడు. "ప్రమాణం అయిపోయింది అయివారా."

"అది అబద్ధం గదా మామా."

"గుళ్లో అయిన ప్రమాణం అబద్ధమని నువ్వంటావా? అంటే సామి అబద్ధమాడినాడు, వాళ్ల నాయన ఎలిగించిన కర్పూరం అబద్ధం, దాన్ని నమ్మి మా వాళ్ల కత్తులు దించిన నేను ఎర్రినాకొడుకును. ఇంతమందిని అబద్ధం చేసేదానికి ఒక్క నీ నిజం చాలదు. నేనేం వినలే. పో, పోయి నీళ్లు పెట్టుకో."

"విన్నావు మామా."

"వినలేదని చెప్తాండా గదా!" ఆ వారమంతటిలో ఆయన గొంతు పెరిగింది ఆ ఒక్కసారే.

దీనిమీద నేను వేసుకున్న ఊహలకు లెక్కలేదు. ఆయనకు ప్రమాణం మీద నిజంగానే అంత గురి ఉండవచ్చు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి, అయివారి వీధి ఓట్లు ఆయనకు అవసరమై ఉండవచ్చు. నరికినవాళ్లకు పెండ్లి సంగతి ఎలా తెలిసిందో ఆయనకు ముందే తెలిసి, అయివారిని పరీక్షించి ఉండవచ్చు. లేదా ఎదురుగా నిలబడి తప్పు ఒప్పుకున్న మనిషిని చూసి మనసు కరిగి ఉండవచ్చు. జరిగిన సంగతులకు నాలుగూ సమానంగా సరిపోతాయి. అలాంటప్పుడు ఏదీ తేలలేదని రాయాలని పిల్లలకు నేర్పినవాణ్ణి. కానీ మనిషిని గురించి ఏదీ తేలలేదని రాసి పడుకోవడం నాకు చేతకాలేదు. ఫ్యాక్షన్ నాయకులంటే నాకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. ఆ రోజునుంచి అది ఒక్క చోట నిలవదు. ఆయన మంచివాడని అనలేను. నా తోటి ఉపాధ్యాయుణ్ణి వారం రోజులు ప్రాణభయంలో ఉంచింది ఆయనే.

ఆ వేసవిలో పెద్దాయన తోటలో కొత్త అంట్లకు గుంతలు తవ్వించాడు. అయివారు సెలవుల్లో ఊళ్లోనే ఉండి, పొద్దున్నే గడ్డపార తీసుకుని కూలీలతోపాటు తవ్వేవాడు. పెద్దాయన రమ్మనలేదు, వద్దనలేదు. ఎందుకు సార్ అని అడిగితే "పక్కతోట గదప్పా" అన్నాడు. ఊళ్లో దాన్ని రెండు రకాలుగా చెప్పుకున్నారు. తప్పు చేశాడు కనుకనే తవ్వుతున్నాడన్నారు కొందరు. తప్పు చేసినవాణ్ణి పెద్దాయన తన తోటలో అడుగు పెట్టనిస్తాడా అన్నారు ఇంకొందరు. చూసింది మాత్రం అందరూ ఒకటే, గుంతలో నడుముదాకా నిలబడి మట్టి ఎత్తిపోస్తున్న ఒక లెక్కల మాస్టరును.

ఒక రోజు బస్సు దిగి నడిచి వస్తుంటే, దారిలో బీడీల ఆసామి నన్ను ఆపాడు. గుడికి నడిచిన రోజు నన్ను నవ్వులపాలు చేసినాయనే. ఈసారి నవ్వడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "సామీ, మా ఇంట్లో రోజూ ఇదే రచ్చ. నువ్వు లెక్క తీసినోడివి, నీకు తెలుసు. ఆయప్ప చెప్పినాడా, లేదా?"

అప్పుడు కర్పూరం లేదు, గుడి లేదు, కాపాడవలసిన తోట లేదు. నిజం చెప్పడానికి నాకు ఏ అడ్డూ కనిపించలేదు. దూరంగా అయివారి గడ్డపార రాయికి తగిలిన చప్పుడు వినబడింది.

"చెప్పలేదు," అన్నాను.

ఆయన తల ఊపి, "నువ్వు చెప్పినావు, సాలు" అని వెళ్లిపోయాడు.